పొద్దున్నే పోయిందండీ

ఇరవై ఆరో నంబరు బస్సు వచ్చిందాండీ అని మిషనత్త అడిగితే, స్టాపులో మడిచిన గొడుగు మీద గడ్డం ఆనించి కూర్చున్న పెద్దాయన తల ఎత్తకుండానే, పోయిందమ్మా, ఇప్పుడే పోయింది, అన్నాడు. ఆమె సరేనని తలూపి, తర్వాతి బస్సు కోసం రోడ్డు వైపు రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయింది. పోయింది. ఎంత తేలిక మాట. బస్సు పోయింది, కరెంటు పోయింది, మిషన్ సూది పోయింది, ఎండ పోయింది. రోజుకి వందసార్లు నోట్లోంచి రాలే మాట, ఎవరూ వంగి ఏరుకోని మాట. కానీ ఆసుపత్రిలో పడుకోబెట్టిన మనిషికి ఎలా ఉందని ఒకడు అడిగినప్పుడు అదే మాట చెబితే? పొద్దున్నే పోయిందండీ అంటే? ముప్పావు గంట క్రితం ఫోన్లో తను అన్నది సరిగ్గా అదే. పొద్దున్నే పోయిందండీ, మీరిక ఇక్కడికి ఫోన్ చెయ్యకండి. అలా అని పెట్టేసింది. అవతలివాడు ఏమన్నా అన్నాడా? ఏమీ అనలేదు. అత్తయ్యగారూ అని గలగల మాట్లాడేవాడు, ఒక్క ముక్క కూడా అనలేదు. అతను అర్థం చేసుకున్నాడు కాబట్టే నోరెత్తలేదని తను అప్పుడు సంతోషించింది కూడా.

పెద్దాయన జరిగి చోటిచ్చాడు గాని ఆమె కూర్చోలేదు. ఫోను తీసి, ఇందాక అవతల మాట్లాడిన లైన్‌మన్ నంబరు నొక్కింది. మోగుతోంది. కరెంటు టవరెక్కి ఉంటాడు, టవరెక్కినప్పుడు ఫోను కింద సంచిలో పెట్టేస్తాడు, అతనే చెప్పాడు ఒకసారి, పైనున్నప్పుడు దేవుడు పిలిచినా ఎత్తనండీ అని. అంతే అయుంటుంది. మోగి మోగి ఆగిపోయింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పిల్ల బాగుంది, పిల్లకేం కాలేదు, అని టైపు చేసి, ఈసారి పంపానా లేదా అని మూడుసార్లు చూసుకుంది. పంపింది. వెళ్ళింది. అతను చూడలేదు.

వీధిలో ఆమెను మిషనత్త అనే అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అన్నయ్య ఇంటి ముందు గదిలో, కిటికీ పక్కన, బడిపిల్లల గౌన్లూ నర్సుల కోట్లూ కుడుతూ కూర్చునే మనిషికి వేరే పేరెందుకు. భర్త పోయిన ఏడాదే వదిన కూడా పోయింది. అప్పుడు అన్నయ్య కూతురికి నాలుగేళ్ళు. చెల్లీ, నాకు దీన్ని జడ వెయ్యడం కూడా రాదే, అన్నాడు అన్నయ్య, దువ్వెన చేత్తో పట్టుకుని. ఆ దువ్వెన అందుకున్న రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ పిల్ల తన పిల్లే. ఇప్పుడా పిల్ల ఊరి చివర బస్టాండులో బెంచీ మీద, ఫోను లేకుండా, రాత్రంతా ఎక్కించిన సెలైను గుచ్చిన చేత్తో, ఒంటిగంటకి రాబోయే పెళ్ళికొడుకు కోసం ఎదురుచూస్తోంది. అతనికి ఆ సంగతే తెలియదు. తెలుసనుకుంటోంది పిల్ల. తెలుసనే తనూ అనుకుంది, ఇందాక అన్నయ్య వీధి మలుపు తిరిగేదాకా.

బస్సు వచ్చింది. డ్రైవరు వెనక సీటులో కూర్చుంటే, పక్కనున్న ఆవిడ మొహమాటంగా, మెడలో టేపు ఉండిపోయిందండీ, అంది. మిషనత్త చేత్తో తడిమి చూసుకుని, అవునండీ, అని దాన్ని అలాగే వదిలేసింది. బస్టాండుకి నలభై నిమిషాలు. ఎర్రలైట్లు అడ్డం పడితే యాభై. నలభై నిమిషాల్లో టవరు మీది మనిషి కిందికి దిగుతాడు, నీళ్ళు తాగుతాడు, ఫోను చూసుకుంటాడు, చూసుకుని తిడతాడు, ఏం మనిషండీ మీరు, ప్రాణం తీశారు, అంటాడు. అననీ. ఎన్నైనా అననీ. కిటికీలోంచి బేకరీ, మందుల షాపు, తాళాలు బాగుచేసేవాడి బండి వెనక్కి జరిగిపోతున్నాయి, అన్నీ మామూలుగా ఉన్నాయి, అదే ఆమెకు నచ్చలేదు.

నిన్న సాయంత్రం ఆసుపత్రి మంచం మీద పిల్ల ఒంటికన్ను తెరిచి నవ్వింది. కుడివైపు కింద నొప్పంటే ఒక రాత్రి ఉంచుకోక తప్పదు అత్తా, నేను రోజూ వీళ్ళు పంపే రక్తమే చూస్తాను, అంది. రక్తపరీక్షల ల్యాబులో పని. లైన్‌మన్ దాన్ని ల్యాబూ అనే పిలుస్తాడు, అది అతన్ని పొడుగూ అంటుంది, ఇద్దరికీ కన్నవాళ్ళు పెట్టిన పేర్లు దండగయ్యాయి. శనివారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుందామని అనుకున్నారు. అన్నయ్య చూసిన సంబంధం వాళ్ళు ఆదివారం వస్తారు కదా, ఒక్క రోజు ముందు చాలని తనే చెప్పింది. వెంటనే చేసుకోండి, ఇవాళే చేసుకోండి, అని ఎందుకు చెప్పలేదు? పిల్ల అడిగింది కూడా, ఈ శుక్రవారమే వెళ్ళిపోనా అత్తా అని, రెండు వారాల కిందట. తను ఒక మంచి గౌను కుడుతున్నాను నీకు, అది అయ్యాక వెళ్దువుగాని, అంది. గౌను. లేత నీలం, చేతులకి అంచు. ఆ గౌను కోసం రెండు వారాలు ఆపింది. ఇంతలో సంబంధం వాళ్ళ అబ్బాయికి సెలవు దొరకలేదని, ఆదివారం కాస్తా ఈ గురువారం అయింది. అన్నయ్య పిల్ల ఫోను లాగేసుకున్నాడు, వాళ్ళు వచ్చి తేదీ రాసుకుని వెళ్ళేదాకా ఇల్లు దాటకూడదన్నాడు. అప్పుడొచ్చింది ఈ నొప్పి.

నాటకం అంత బాగా ఆడకుండా ఉండాల్సింది. కళ్ళు మూసుకుని, నాన్న పిలిచినా పలక్కుండా, చెయ్యి వేలాడేసి పడుకుంది. తను నవ్వు ఆపుకోలేక తలుపు వైపు తిరిగింది. ఆ వార్డులో ఊరిలో సగం మంది చుట్టాలుంటారు, ఒకరికి ఒకరు చెప్పుకునేసరికి, ఐస్ ఫ్యాక్టరీ ఆయన కూతురికి స్పృహ లేదట, అని అయింది. అది ఎంత దూరం వెళ్తుందో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. రేపు తెల్లారగానే నర్సులు మారేటప్పుడు వెళ్ళిపోతాను, నువ్వు పొడుగుకి మెసేజ్ పెట్టు, అంతా నాటకమని చెప్పు, ఒంటిగంటకి బస్టాండులో ఉండమను, మర్చిపోకు అత్తా. మర్చిపోతానా, వెర్రిదానా.

మర్చిపోలేదు, అదే కదా. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది. ఫోన్లో చార్జింగు రెండు శాతం. గోడకి రెండు ప్లగ్గులు, ఒకటి కాలిపోయి ఏడాదయింది, రెండోదాంట్లో మిషను మోటారు. బడిపిల్లల యూనిఫాంల పార్సిల్లో ఆఖరి గౌను, ఆఖరి అంచు, మూరెడు. ఈ ఒక్క అంచు లాగేసి మోటారు పీకి ఫోను పెడదామనుకుంది. అంచు అయ్యాక, చార్జింగు పెట్టేలోపే మెసేజ్ కొట్టేద్దామని మొదలుపెట్టింది. అంతా నాటకం. పిల్ల బాగుంది. రేపు ఒంటిగంటకి బస్టాం. డ కోసం వెతుకుతోంది, తెర నల్లబడింది. అంతలో అన్నయ్య ఆసుపత్రి నుంచి వచ్చి, మంచినీళ్ళు, అన్నాడు. నీళ్ళు ఇచ్చింది. ఫోను ప్లగ్గుకి తగిలించింది. ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. పడుకుంది. పొద్దున్న లేచేసరికి, చేతికి టైపు కొట్టిన జ్ఞాపకం ఉంది కాబట్టి, మనసు పంపేశానని చెప్పింది. మనసు ఎంత నమ్మకంగా చెప్పింది.

బస్సు ఆగింది. స్కూలు వ్యానొకటి అడ్డంగా ఆగిపోతే డ్రైవరు తల బయటపెట్టి, రోడ్డు మీ తాతదా, అంటున్నాడు. మిషనత్త మళ్ళీ ఫోను నొక్కింది. మోగుతోంది. మోగడం ఆగింది. పిల్ల బాగుంది, అని మళ్ళీ పంపింది. దాని కింద అదే మాట మళ్ళీ. వరసగా మూడు ఒకేలాంటి మాటలు, బడిలో తప్పు చేసిన పిల్ల రాసినట్టు.

ఇవాళ పొద్దున పదీ ఇరవైకి మోగింది ఫోను. దానికి రెండు నిమిషాల ముందే ఆసుపత్రి వాళ్ళు అన్నయ్యకి చేశారు, మీ అమ్మాయి మంచం మీద లేదండీ అని. అన్నయ్య సంబంధం వాళ్ళ కోసం తీసి పెట్టుకున్న తెల్లచొక్కాలో, సోఫాలో కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. అన్నయ్య ఏడవడం వదిన పోయినప్పటి తర్వాత అదే చూడ్డం. గొంతులోంచి గుక్కగుక్కగా వస్తోంది. అప్పుడు మోగింది. అత్తయ్యగారూ, ఆమెకి ఎలా ఉంది? అంతే అడిగాడు. తనేమనుకుంది? మెసేజ్ చూసుకున్నాడు, పిల్ల ఆసుపత్రి నుంచి బయటపడిందా లేదా అని తెలివిగా అడుగుతున్నాడు, అనుకుంది. అన్నయ్య తలెత్తి చూస్తున్నాడు. బట్టలిచ్చే బేరగాళ్ళతో మాట్లాడే గొంతు పెట్టుకుని, పొద్దున్నే పోయిందండీ, అంది. ఎవరు అన్నాడు అన్నయ్య, యూనిఫాంల వాళ్ళు, పార్సిలు పోయిందా అని అడుగుతున్నారు, అంది. ఎంత చక్కగా అబద్ధం కుదిరిందోనని లోపల ముచ్చటపడింది. అవతల చెవికి ఏం వినపడి ఉంటుంది? రాత్రి ఊరి నుంచి టవరు పని దగ్గరికి వచ్చినవాడెవడో స్పృహ లేదట అని చెప్పి ఉంటాడు. పొద్దున్నే పోయిందండీ అని ఒక ఆడగొంతు. దాని వెనక ఒక మగవాడు గుక్కపట్టి ఏడుస్తున్న చప్పుడు.

వెంటనే పెరట్లోకి వెళ్ళి ఒక్క ఫోను చేసి ఉంటే. ఒక్క నిమిషం పని. అన్నయ్య లేచి ఆసుపత్రికి వెళ్తానన్నాడు, బీపీ మాత్ర వెతికి ఇచ్చింది, చెప్పులు చూపించింది. గుమ్మం దాటుతుంటే చొక్కా గుండీ ఊడి కింద పడింది. పో, అలాగే పో అన్నయ్యా, అనొచ్చు. నలభై ఏళ్ళ అలవాటు, ఆగు అంది. సూదిలో దారం ఎక్కించి, ఒంటిమీదే గుండీ కుట్టింది. అన్నయ్య గుండె ఆమె వేళ్ళ కింద కొట్టుకుంటోంది. నాలుగు కుట్లు, ముడి, దారం పళ్ళతో కొరికింది. ఐదు నిమిషాలు. అన్నయ్య వెళ్ళాక తలుపేసి, ఫోను తెరిచింది, పిల్ల క్షేమంగా చేరిందా అని అతనికేమన్నా తెలుసేమోనని. అక్కడుంది, రేపు ఒంటిగంటకి బస్టాం, రాసిన చోటే, కదలకుండా, కూర్చున్న పిల్లిలా. అప్పుడు కూడా ఆమెకు తోచింది ఒక్కటే, అయ్యో అతను ఒంటిగంటకి రాడే, పిల్ల కంగారుపడుతుందే, అని. ముందు పిల్ల దగ్గరికి బయల్దేరి, దారిలో అతనికి చేద్దామనుకుని బస్టాపుకి వచ్చేసింది. పది మైళ్ళ అవతల దొంగని వెతికింది, దొంగ తన నోట్లోనే ఉన్నాడు.

నిజంగా నోరు జారిందా? పక్కావిడ కిటికీ కొంచెం మూసింది, గాలి ఎక్కువగా ఉందని. మిషనత్త టేపుని రెండు చేతులతో పట్టుకుంది. వెళ్ళిపోయింది అనొచ్చు కదా, బయల్దేరింది అనొచ్చు, చేరిపోతుంది అనొచ్చు. ఇన్ని మాటలుండగా అదెందుకు వచ్చింది? ఐస్ ఫ్యాక్టరీలో అన్నయ్యా, లైన్‌మన్ తండ్రీ భాగస్తులు. తన భర్త అక్కడే యంత్రం చూసేవాడు. అమోనియా పైపు బిగింపు దగ్గర వాసన వస్తోందని ఆయన రెండు రోజులుగా చెబుతున్నాడు. ఆ షిఫ్టు లైన్‌మన్ తండ్రిది. రేపు చూద్దాంలే, అన్నాడట. ఆ రేపు రాకముందే పైపు తెగింది. లోపలున్నది తన భర్త ఒక్కడే. అన్నయ్య ఆ రోజు నుంచి ఆ ఇంటి మొహం చూడలేదు, ఆ పేరు ఎత్తనివ్వలేదు. లైన్‌మన్ తండ్రి కూడా ఆ దిగులుతోనే నాలుగేళ్ళకి పోయాడు. ఆయన తల్లీకొడుకుల్ని వదిలేసి పోయాడని విన్నప్పుడు, తను మిషను ఆపకుండా, ఊఁ, అంది. ఆ ఊఁ ఎక్కడికి పోతుంది? ఎక్కడో లోపల కూర్చుని ఉండదూ, పదిహేనేళ్ళు, తన వంతు కోసం?

లేదు. అలా కాదు. తను ఆ కుర్రాణ్ణి క్షమించింది, ఏ రోజు క్షమించిందో కూడా తెలుసు. రెండేళ్ళ కింద మిషను మోటారు కాలి వాసనొస్తే, కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే, ఆరడుగుల మనిషి వంగి గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం చూడగానే ఎవరి కొడుకో తెలిసిపోయింది. అతనికీ తెలుసు, ఎవరింటికి వచ్చాడో. తల ఎత్తకుండా ప్లగ్గు విప్పి, కాలిన తీగ కత్తిరించి, చెప్పకపోయినా మోటారు వెనక వదులైన తీగ కూడా బిగించాడు. ఇలాంటివి రేపు చూద్దామనుకోకూడదండీ, అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే వినపడ్డట్టు, ఎర్రబడిపోయాడు. ఆ ఎర్రబడ్డ చెవులు చూసి ఆమె లోపల ఏదో ముడి వదులయింది. టీ తాగి వెళ్ళు బాబూ, అంది. అప్పుడే ల్యాబు నుంచి మేనకోడలు వచ్చింది. టీ తాగమనకుండా ఉంటే అతను వెళ్ళిపోయేవాడు. వాళ్ళు గుమ్మంలో ఎదురుపడేవాళ్ళు కారు. ఎక్కడి నుంచి విప్పుకుంటూ వచ్చినా కుట్టు తన చేతిదే.

అప్పుడు ఫోను మోగింది. అతని నంబరు. ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బాబూ, అంది గట్టిగా, బస్సులో నలుగురు తిరిగి చూశారు, బాబూ, పిల్ల బాగుంది, పోయిందంటే ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయిందని, నా నోరు పడిపోను.

అవతల వేరే గొంతు. వయసు మళ్ళిన గొంతు. "అమ్మా, నేను వాళ్ళ మేస్త్రీనండీ. మీ నంబరు అత్తయ్యగారు అని ఉంది. ఇంట్లోవాళ్ళేనా?"

"అవునండీ," అంది ఆమె. అది అబద్ధమో నిజమో ఆలోచించలేదు.

మేస్త్రీ మెల్లగా, ఒక్కో మాట కింద పెడుతున్నట్టు చెప్పాడు. ఫోన్ మాట్లాడి వచ్చి కింద కూర్చున్నాడండీ. ఏంటిరా అంటే, పోయిందట, అన్నాడు. ఎవరు అంటే చెప్పలేదు. తర్వాత వాళ్ళమ్మకి ఫోన్ చేసుకున్నాడు. ఇవాళ పని వద్దు, ఇంటికి పో, బండి ఇస్తానన్నానండీ. సరేనన్నాడు. పైన సామాను వదిలేశాను, తెచ్చుకుంటానన్నాడు. నేను పోనీలే తెచ్చుకోనీ అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది. బెల్టు కట్టుకున్నాడు గాని కొక్కెం తగిలించలేదండీ. పదేళ్ళలో ఒక్కరోజు తగిలించకుండా ఎక్కలేదు వాడు. మర్చిపోయాడో, మరేంటో, నేను చెప్పలేను. "ఆసుపత్రికి తెచ్చామండీ. దారిలోనే... ఇంక లేడమ్మా."

మేస్త్రీ ఆగి, "వాళ్ళమ్మగారి నుంచి ఫోన్లు వస్తున్నాయండీ," అన్నాడు. "నాకు ఎత్తడానికి చెయ్యి రావడం లేదు. మీరే ఎవరన్నా వెళ్ళి చెప్పాలి."

ఎర్రలైటు. బస్సు ఆగి ఇంజను గురగురలాడుతోంది. ముందు మోటారు సైకిలు మీద ఒకతను వెనక కూర్చున్నామె చెప్పేది వినడానికి తల పక్కకి వంచాడు. మేస్త్రీ ఎంత జాగ్రత్తగా మాట్లాడాడు. లేడమ్మా, అన్నాడు, దానికి ఒక్కటే అర్థం. చదువుకోని మనిషికి తెలిసింది. తనకి తెలియలేదు. పక్కావిడ, ఏమైందండీ, అని మోచేయి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఏం లేదండీ, అంది మిషనత్త, తర్వాతది బస్టాండేనా. రెండు స్టాపులు, అంది ఆవిడ, చెయ్యి తియ్యకుండా.

రెండు స్టాపుల్లో ఏం చెప్పాలో తేల్చుకోవాలి. అతను మనసు మార్చుకున్నాడు, వాళ్ళమ్మ ఒప్పుకోలేదట, రానన్నాడు, అని చెప్పొచ్చు. పిల్ల తిడుతుంది, ఏడుస్తుంది, ఇంటికి వస్తుంది, బతుకుతుంది. కోపం మనిషిని బతికిస్తుంది, తనకి తెలుసు, తను పదిహేడేళ్ళు దాంతోనే బతికింది. రేపు తెలుస్తుంది, తెలిసినా అప్పటికి ఇంట్లో ఉంటుంది, తలుపు గడియ పెట్టి ఉంటుంది, పక్కన తను ఉంటుంది. లేకపోతే ప్రమాదం అని చెప్పొచ్చు, ఉత్త ప్రమాదం, కొక్కెం ఊడింది, అంతే, ఫోను మాటే ఎత్తకుండా. అది సగం నిజమే. ఫోన్లో ఎవరన్నారో మేస్త్రీకి కూడా తెలియదు. ఆ మాట వేసింది తనేనని పిల్లకి ఎన్నటికీ తెలియక్కర్లేదు. పిల్ల తనని అలాగే చూస్తుంది, ఎప్పటిలా. ఈ ఊహ వచ్చాక ఆమెకు తన మీద అసహ్యం వేయలేదు, భయం వేసింది, ఎందుకంటే అది చాలా హాయిగా ఉంది, మెత్తటి దిండులా ఉంది. ఇంకో చిన్న మాట. చిన్నదే. పొద్దున్నుంచి అన్నీ చిన్నవే.

బస్టాండులో నాలుగో బెంచీ మీద కూర్చుని ఉంది మేనకోడలు. చేతిలో కాగితం గ్లాసు. మణికట్టుకి ఆసుపత్రి పట్టీ ఇంకా ఉంది, దాన్ని చూపుడువేలితో గుండ్రంగా తిప్పుతోంది. అత్తని చూసి లేచి నిలబడింది, మొహమంతా నవ్వు. "నువ్వెందుకొచ్చావు? నాన్న పట్టుకున్నాడా? టేపేంటి అత్తా, బస్టాండుకి కొలతలు తీస్తావా?"

మిషనత్త ఆ పిల్ల రెండు మణికట్లూ పట్టుకుంది, గట్టిగా, గ్లాసు కింద పడేంత గట్టిగా. చెప్పింది. టవరు, కొక్కెం, ఆసుపత్రి. అక్కడ ఆపేయవచ్చు. ఊపిరి తీసుకుని, పదీ ఇరవైకి వచ్చిన ఫోను గురించి చెప్పింది, అతను ఏమడిగాడో, తను ఏమందో, అక్షరం మార్చకుండా. పెట్టని మెసేజ్ గురించి, అంచు గురించి, గుండీ గురించి కూడా చెప్పింది. చుట్టూ ఎవరో పెట్టెలు ఈడ్చుకుంటూ వెళ్తున్నారు, మైకులో ఏదో బస్సు నంబరు చెబుతున్నారు. పిల్ల మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎవరో తీసుకెళ్ళడం మర్చిపోయినట్టు ఒక మూల ఉండిపోయింది. అది కూడా పోవడం ఆమె దగ్గర నుంచి చూసింది.

"నువ్వేమన్నావు? మళ్ళీ చెప్పు," అంది మేనకోడలు.

మళ్ళీ చెప్పింది.

పిల్ల ఏడవలేదు. చేతులు విడిపించుకుంది, తొందరేమీ లేకుండా, ఒక్కో వేలూ విప్పి. సంచి భుజానికి వేసుకుంది. "వాళ్ళమ్మకి తెలుసా?" అంది. తెలియదంది మిషనత్త. "పద అయితే. నువ్వు నోరెత్తకు. నేను మాట్లాడతాను."

లైన్‌మన్ తల్లి ఉండే ఇల్లు బస్టాండు వెనక రెండో వీధి. పిల్ల ముందు నడుస్తోంది, మిషనత్త పది అడుగుల వెనక. రోడ్డు దాటే చోట పిల్ల ఒక్క క్షణం ఆగింది. లారీ ఒకటి వేగంగా వస్తోంది. మిషనత్త పరుగెత్తబోయింది. లారీ వెళ్ళిపోయాక పిల్ల కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, దాటింది. అదెంత మామూలుగా దాటిందో, అంత భయం వేసింది ఆమెకు. ఎండ నడినెత్తి మీద ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ వీధి మొదట్లోకి కూడా రాలేదు తను, నర్సుల కోట్లు ఇవ్వాల్సి వచ్చినా చుట్టు తిరిగి వెళ్ళింది. కొళాయి దగ్గర ఇద్దరాడవాళ్ళు మాటలాపి, పిల్ల వైపు చూసి, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు.

ఆ ఇంటి ముందు లైన్‌మన్ తల్లి తలుపుకి తాళం వేస్తోంది. ఉతికిన బట్టలు కట్టుకుంది, జుట్టు తడిగా ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చప్పుడు విని తిరిగింది. పిల్లని చూసింది. తాళంచెవి చేతిలోంచి జారి మెట్టు మీద పడింది.

"నువ్వా," అంది. "నువ్వేనా తల్లీ." దగ్గరికి వచ్చి పిల్ల బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది, కొట్లో వస్తువు చూసినట్టు, నమ్మకం కుదరక. "నువ్వు పోయావని ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడే వాడు. ల్యాబు దగ్గర నిన్ను చూస్తూనే ఉన్నా, నాకెప్పుడూ చెప్పలేదు నీ సంగతి, ఇవాళే చెప్పాడు. అమ్మా, మనమంటే వాళ్ళకి పడదు, అయినా నువ్వు వెళ్ళు, నా బదులు నువ్వు వెళ్ళి ఒకసారి చూసిరా, అన్నాడు." అప్పుడు వెనక నిలబడ్డ మిషనత్త కనిపించింది ఆవిడకి. తడబడింది, తర్వాత తల వంచింది. "మీ ఇంటికే బయల్దేరుతున్నానమ్మా. ఏ మొహం పెట్టుకుని వస్తానా అని తలుపు మూడుసార్లు వేసి తీశాను. రండి. లోపలికి రండి."

తాళంచెవి ఏరుకుని, తలుపు తోసి, ఆవిడ గబగబా లోపలికి నడిచింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, మాట్లాడుతూనే ఉంది. ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు వెధవ, పైనుంటే ఎత్తడు, ఉండు, ఇప్పుడు ఎత్తుతాడు, నీ గొంతు వినిపిస్తాను, ఎలా గెంతుతాడో చూద్దువుగాని. గోడ పక్కనున్న బల్ల మీంచి ఫోను తీసింది. కళ్ళకి దూరంగా పెట్టుకుని, వేలితో నొక్కింది. గదిలో ఆ మోత చిన్నగా వినపడుతోంది. ఒకసారి. రెండుసార్లు. గుమ్మం బయట నిలబడ్డ మిషనత్తకి, అవతల మేస్త్రీ చెయ్యి ఆ ఫోను వైపు సాగడం, ఆగడం, ఇక్కణ్ణుంచే చూస్తున్నట్టుగా ఉంది. నోరు తెరవబోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది, ఒక్కసారే. ఆమె నోరు మూసుకుంది.

మేనకోడలు రెండడుగులు వేసి, ఆవిడ చెవి దగ్గర నుంచి ఫోను మెల్లగా తీసుకుంది. మోత ఆపింది. బల్ల కింద నుంచి కుర్చీ లాగి, ఆవిడ వెనకగా జరిపింది.

"కూర్చోండి అత్తయ్యా," అంది.

బయట నిలబడ్డ మిషనత్త అలవాటు కొద్దీ కదిలింది. ఆ పిల్ల నోట అత్తా అంటే ఇన్నేళ్ళూ తను ఒక్కతే. ఒక అడుగు వేశాక గాని ఆ పిలుపు తనకి కాదని తెలియలేదు. వేసిన అడుగు వెనక్కి తీసుకుని, మెట్టు దిగి, ఎండలో నిలబడింది. లోపల పిల్ల ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని, ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మాటల కోసం వెతుకుతోంది, ఒక్కో మాటా తీసి చూసి పక్కన పెడుతోంది, తొందరపడకుండా.